మొదటి పేజీ నలుగురి మధ్య



ఈ సంచిక మీ చేతికి అందేసరికి ముప్పై ఒకటో తారీఖు రాత్రి ఆరాధన ముగిసి ఉంటుంది. పన్నెండు గంటలకు గుడి గంట మ్రోగగానే ఒకరి చేయి ఒకరు పట్టుకుని శుభములు చెప్పుకుని ఉంటారు. నిద్రలో జోగుతున్న పిల్లలను భుజాన వేసుకుని, మంచుకు తలగుడ్డ చుట్టుకుని ఇండ్లకు చేరి ఉంటారు. తెల్లవారితే గారెలు, కోడికూర, చుట్టాలు. రెండో తారీఖున మరల పొలము, బడి, కూలి.

ఈ రెంటి నడుమ మొదటి తారీఖు సాయంత్రము ఒకటి మిగిలి ఉంటుంది. భోజనము అరిగి, ఏమీ తోచక, అందరూ అరుగుల మీద చేరే వేళ. ఆ సాయంత్రము మా ఇంట ఏమి చేస్తామో ఈ నెల మీతో చెప్పాలనుకుంటున్నాము. ఇది గొప్ప సంగతి కాదు. ఒక నోటుబుక్కు, నాలుగు కలములు, చాపల మీద కూర్చున్న కొందరు స్నేహితులు, అంతే. అయితే ఈ అలవాటు మాకు ఊరికే రాలేదు. మా వలన జరిగిన ఒక తప్పిదము నుండి వచ్చినది. ముందు అది చెప్పుకోవాలి.

మేమిద్దరము ఉపాధ్యాయులుగా పనిచేసిన రోజులలో మాతో ఒకే బడిలో ఒక మిత్రుడు ఉండేవారు. మా పిల్లలు ఆయనను పెదనాన్న అనేవారు. ఒకసారి ఆయన అప్పు తీసుకొనుటకు మమ్మల్ని జామీను ఉండమని అడిగారు. మేము ఉండమన్నాము. ఉండమనుట తప్పు కాదు, ఎవరి స్తోమతు వారిది. కాని నలుగురు టీచర్లు వింటుండగా, "తీర్చే దారి చూసుకుని అడగాలి గదా" అన్నాము. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ ఏడు వేసవిలో బదిలీ చేయించుకుని వేరే తాలూకాకు వెళ్ళిపోయారు.

ఆ మాట మమ్మల్ని వదలలేదు. ఆ జనవరి ఒకటిన డైరీ మొదటి పేజీలో, "ఆయనకు ఉత్తరము వ్రాయవలెను" అని వ్రాసుకున్నాము. మరుసటి జనవరి ఒకటిన కూడా అదే వ్రాసుకున్నాము. మూడో ఏట ఉత్తరము మొదలుపెట్టాము. క్షేమ సమాచారముల మూడు వరుసలు దాటి అసలు మాట దగ్గరకు వచ్చేసరికి కలము ఆగినది. సంక్రాంతి సెలవులలో పూర్తి చేద్దామనుకున్నాము. ఆ ఎండాకాలములో ఆయన జ్ఞాపకార్థ కూడిక కార్డు వచ్చినది.

వెళ్ళాము. ఆయన భార్య మమ్మల్ని లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చారు. నిష్ఠూరముగా ఒక్క మాట అనలేదు. "మీ దస్తూరి ఆయనకు బాగా గుర్తండీ. పోస్టుమాన్ వస్తే ముందు కవరు మీద ఎవరి చేయో చూసేవారు," అన్నారు. ఆ మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని మేము ఎంతసేపు కూర్చున్నామో మాకు తెలియదు.

ఇంటికి వచ్చిన తరువాత ఆ మూడు డైరీలు తీసి చూశాము. మూడింటిలోను మొదటి పేజీలో అదే వాక్యము, మంచి అక్షరములతో ఉన్నది. వ్రాయకపోవుట వలన మేము చెడలేదు. వ్రాసి మూసిపెట్టుట వలన చెడ్డాము. ఆ డైరీ ఏ ఒక్కరైనా చూసి ఉంటే, "ఏమండీ, ఉత్తరము పంపారా?" అని ఒక్కసారి అడిగి ఉంటే, ఆ ఉత్తరము వెళ్ళి ఉండేది.

ఇంగ్లండు దేశములో సామ్యూల్ పెపిస్ అనే ఉద్యోగి 1660 జనవరి 1న డైరీ వ్రాయుట మొదలుపెట్టి, 1669 మే నెల వరకు, కళ్ళు పాడగునేమో అనే భయముతో ఆపువరకు వ్రాశాడు. ఇతరులు చదవకుండా పొట్టిలిపిలో వ్రాసుకున్నాడు. అది అచ్చులోకి వచ్చినది 1825లో, ఆయన పోయిన నూటఇరవై ఏండ్ల తరువాత. అందులో ద్రాక్షారసము మానుతానని, నాటకములకు వెళ్ళనని ఎన్నోసార్లు ఒట్టు పెట్టుకున్నాడు. తప్పినందుకు తనకు తానే జరిమానా వేసుకున్నాడు. అయినా మరల తప్పాడు. చరిత్రకారులకు ఆ డైరీ నిధి వంటిది. కాని తన మాట తానొక్కడే విని, తన తీర్పు తానొక్కడే చెప్పుకునేవాని కష్టము కూడా అందులో కనబడుతుంది. మా మూడు డైరీల కథ కూడా అదే.

మన పెద్దలకు ఈ సంగతి తెలియనిది కాదు. మనము ముప్పై ఒకటి రాత్రి చేసుకునే వాచ్‌నైట్ ఆరాధననే తీసుకోండి. ఇంగ్లండులో బ్రిస్టల్ పట్టణము దగ్గర కింగ్స్‌వుడ్ అనే చోట బొగ్గు గని పనివారు ఉండేవారు. వారము కూలి చేతిలో పడగానే శనివారపు రాత్రులు సారాయి అంగళ్ళలో గడిపిన మనుషులు, 1740 ప్రాంతములో అవే రాత్రులు ఒకచోట చేరి ప్రార్థనలో గడుపసాగారు. అది చూసి జాన్ వెస్లీ ఆ పద్ధతిని ఇతర చోట్ల కూడా పెట్టించాడు. పున్నమికి దగ్గరి రాత్రి చూసి పెట్టేవారట. ఎందుకంటే జనము చీకటిలో కాక వెన్నెలలో నడిచి ఇండ్లకు వెళ్ళాలి గదా! కరెంటు లేని రోజులలో మన పల్లెల కూడికలు ఎరిగినవారికి ఈ మాట బాగా తెలుస్తుంది.

ఆ వెస్లీ 1755 ఆగస్టు 11న లండనులో స్పిటల్‌ఫీల్డ్స్ అనే పేటలో నిబంధన ఆరాధన ఒకటి జరిపాడు. ఆనాడు సుమారు 1,800 మంది లేచి నిలబడి తమ సమ్మతి తెలిపారు. ఆ నిబంధన మాటలు అంతకు ముందే, 1663లో, అలీన్ అనే బోధకుని పుస్తకములో అచ్చయి ఉన్నవి. ఈ నిబంధనను మనసులోనే ఉంచుకొనక కాగితము మీద పెట్టి చేవ్రాలు చేయుట మంచిదని అందులో సలహా ఉన్నది. తరువాతి కాలములో మెథడిస్టు సంఘములు ఈ ఆరాధనను కొత్త సంవత్సరపు మొదటి దినములకు చేర్చుకున్నాయి. ఒంటరిగా వ్రాసిన దానికి తోడుగా, నలుగురిలో నిలబడుట కూడా ఉండాలని వారు గ్రహించారు.

నూతన సంవత్సరము, వ్రాత, కూడిక, ఈ మూడూ కలిసిన రాత్రి చరిత్రలో మరొకటి ఉన్నది. 1862 డిసెంబరు 31. అమెరికాలో నల్లజాతివారు, వారి మిత్రులు గుడులలోను సభలలోను చేరి కాచుకుని కూర్చున్నారు. మరునాడు అధ్యక్షుడు అబ్రహాం లింకను బానిసల విడుదల ప్రకటన మీద సంతకము చేయవలసి ఉన్నది. ఒకటో తారీఖు పగలు కొన్ని గంటల సేపు నూతన సంవత్సరపు అతిథులకు చేతులు కలుపుతూనే ఉండుట వలన లింకను చేయి వణికినది. సంతకము వంకరపోతే రేపు చూచినవారు ఈయన సందేహించాడని అంటారని, కలము దించి, కాసేపాగి, నిదానముగా పేరు వ్రాశాడు. బాస్టను పట్టణములో ఫ్రెడరిక్ డగ్లస్, తానే ఒకప్పుడు బానిసగా ఉన్నవాడు, జనముతో కలిసి తంతి వార్త కొరకు రాత్రి దాకా ఎదురుచూశాడు. ఆ ఒక్క కాగితముతో అందరి సంకెళ్ళు తెగలేదు. అది తిరుగుబాటు చేసిన రాష్ట్రములకే వర్తించినది. దేశమంతటా బానిసత్వము పోవుటకు 1865 డిసెంబరు దాకా పట్టినది. వ్రాత ఎప్పుడూ ఆరంభమే. ఆ ఆరంభము దగ్గర సాక్షులు కూర్చుని ఉండుట వలన వెనుకకు పోవుట కష్టమవుతుంది.

ఇక మా ఇంటికి వద్దాము. ఆ మిత్రుడు పోయిన తరువాతి జనవరి ఒకటిన సాయంత్రము నలుగురు స్నేహితులను పిలిచి, పైన మీకు చెప్పినదంతా వారికి చెప్పాము. సంఘ కాపరి అయ్యగారు, వడ్రంగి పని చేసే ఒక అన్న, మా బట్టలు కుట్టే భాయి, బస్సు కండక్టరు ఒకాయన. వారిలో గుడికి వచ్చేవారు ఉన్నారు, రానివారు ఉన్నారు. స్నేహము అందరిది. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి నడుమ పెట్టాము. తలా ఒక పేజీ. పేజీకి మూడే వరుసలు.

మొదటి వరుసలో, పోయిన ఏడు ఎవరి వలన మేలు పొందామో వారి పేరు, ఆ మేలు. రెండో వరుసలో, ఎవరికి ఏమి బాకీ ఉన్నామో అది. డబ్బే కానక్కరలేదు. ఒక ఉత్తరము, ఒక క్షమాపణ, ఒక పలకరింపు కూడా బాకీయే. మూడో వరుసలో, ఈ ఏడు తప్పక చేయవలసిన పని ఒకే ఒకటి. దాని పక్కన, ఆ పని చేశావా అని అడుగవలసిన వారి పేరు.

ఆ ఆఖరి పేరే మా పుస్తకమునకు ప్రాణము. మిగిలినదంతా మా పాత డైరీలలో కూడా ఉన్నది. అడిగేవారి పేరు ఒక్కటే లేదు.

ఈ పుస్తకములో మేము మరువలేని పేజీ ఒకటి ఉన్నది. అది బాగా చదువుకున్నవారిది కాదు. 1990ల మొదట్లో మా నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము ఊరూరా రాత్రి బడులు తెరిచినది. పగలంతా నాట్లు వేసి వచ్చిన స్త్రీలు రాత్రి దీపము ముందు పలక పట్టారు. కలిసి చదివిన పాఠములు, వాటి మీద చెప్పుకున్న మాటలు దూబగుంట వంటి ఊళ్ళలో స్త్రీలను సారా అంగళ్ళ మీదికి నడిపించిన సంగతి మీకు తెలుసు. అది రాష్ట్రమంతా ప్రాకి, 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాను నిషేధించినది. నలుగురు కూర్చుని అక్షరములు దిద్దితే ఏమి జరుగుతుందో మన జిల్లా చూసినది.

ఆ రాత్రి బడికి వెళ్ళినవారిలో మా వీధి పెద్దమ్మ ఒకరు. ఒక జనవరి ఒకటిన ఆమె కూడా మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నది. వంతు వచ్చినప్పుడు, "నువ్వు చెప్పు పెద్దమ్మా, మేము వ్రాస్తాము," అన్నాము. "ఎందుకు టీచరమ్మా, నాకు రాదా ఏంది? నేనే రాస్తా," అని కలము తీసుకున్నది.

ఆమె ఇంటి సంగతి వీధి అంతటికీ తెలుసు, ఎవరూ ఎత్తేవారు కాదు. బోరు వేయించుటకు కోడలి రెండు సవర్ల గాజులు కుదువ పెట్టారు. బోరులో నీళ్ళు పడలేదు. గాజులు తిరిగి రాలేదు. అత్తా కోడళ్ళకు మాటలు పోయి, ఒకే ఇంట రెండు పొయ్యిలు వెలిగినవి.

పెద్దమ్మ వ్రాస్తూనే ఉన్నది. ఒక్కొక్క అక్షరమునకు ఊపిరి బిగపట్టి, పెదవులు కదుపుకుంటూ వ్రాసినది. అన్నము చల్లారుతున్నా ఎవరూ లేవలేదు. చివరకు నోటుబుక్కు కళ్ళకు దూరముగా పెట్టుకుని తానే చదివినది. "కోడలి గాజులు ఇడిపించాల." గాజులు అన్న మాటలో దీర్ఘము పడలేదు. ఎన్నో ఏండ్లు పిల్లల తప్పులు దిద్దినవారము, ఆ దీర్ఘము పెట్టుటకు మాకు చేయి రాలేదు.

"అడిగేవారి పేరు ఎవరిది వ్రాద్దాము పెద్దమ్మా?" అన్నాము. ఆమె తలెత్తలేదు. అత్తను భోజనానికి పిలువమని మొగుడు పంపితే వచ్చి, చంకలో బిడ్డతో కోడలు మెట్టు దగ్గర నిలబడి ఉన్నది. ఎప్పుడు వచ్చినదో మేము చూడలేదు. బిడ్డను కిందికి దించి, వచ్చి చాప అంచున కూర్చుని, అత్త చేతిలోని కలము తీసుకుని ఆ వరుస చివర తన పేరు వ్రాసినది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. కలిసి లేచి ఇంటికి వెళ్ళారు.

ఒక్క పంటతో గాజులు రాలేదు. రెండు పంటలు పట్టినది. కాని రెండో పొయ్యి మాత్రము ఆ సంక్రాంతికే ఆరినది.

అన్నీ ఇలాగే నెరవేరినవని చెప్పము. మా వడ్రంగి అన్న బీడీ మానుతానని అయిదేండ్లు వరుసగా అదే పేజీ వ్రాశాడు. అడుగవలసిన భాయి ప్రతి నెలా అడిగేవాడు. ఇద్దరూ కలిసి నవ్వుకునేవారు. ఆరో ఏట బీడీ మాట తీసివేసి, పెద్ద కూతురిని ఇంటరు చదివిస్తానని వ్రాశాడు. అది చేసి చూపించాడు. బీడీ సంగతి ఇంకా పెండింగులోనే ఉన్నది.

ఈ అలవాటు మీ ఇంట మొదలుపెట్టదలచిన వారికి మా అనుభవము నుండి కొన్ని మాటలు. పదిమందికి మించి పిలువవద్దు. గుంపు పెరిగితే అది సభ అవుతుంది, సభలో మనుషులు నిజము వ్రాయరు. ఎవరినీ బలవంతము చేయవద్దు. చదువనంటే పేజీ మడిచి ఉంచనివ్వండి, అడిగేవారి పేరు ఉంటే చాలును. ఇతరుల తప్పులు వ్రాయవద్దు, ఎవరి బాకీ వారే వ్రాసుకోవాలి. పుస్తకములో చూసిన మాట వీధిలోకి పోకూడదు. చదువు రానివారి కొరకు వ్రాసేవారు వారు చెప్పిన మాటే వ్రాయాలి, తమ నీతులు కలుపకూడదు. చివరి మాట, దగ్గర కొన్ని పోస్టు కార్డులు ఉంచండి. ఉత్తరము బాకీ ఉన్నవారు అక్కడే కూర్చుని వ్రాయాలి. మరునాటి ఉదయము ఎవరో ఒకరు అన్నీ కలిపి డబ్బాలో వేయాలి. "రేపు వ్రాస్తాను" అనే మాట మా అరుగు మీద చెల్లదు. ఎందుకు చెల్లదో మీకు ఇప్పుడు తెలుసు.

ఈ రోజులలో ఒకటో తారీఖు వచ్చిందంటే సెల్‌ఫోనుకు తీరిక ఉండదు. పూల బొమ్మలు, దీపముల బొమ్మలు, ఒకే శుభాకాంక్ష వందమందికి. పంపుట తప్పని మేము అనము, దూరముననున్న పిల్లల బొమ్మలు వస్తే మేమూ సంతోషిస్తాము. కాని ఆ వందలో మన పేరు పెట్టి, మన సంగతి ఎత్తి వ్రాసినవి ఎన్నో లెక్కపెట్టి చూడండి. పోస్టు కార్డు లేకపోతే ఆ ఫోనులోనే వ్రాయండి. అయితే ఒక్కరికే, వారి పేరు పెట్టి, వారికి మాత్రమే చెందిన మాట వ్రాయండి.

మలాకీ గ్రంథము మూడవ అధ్యాయము పదహారవ వచనము ఒకసారి తెరచి చూడండి. భక్తిగలవారు తమలో తాము మాటలాడుకొనుట, జ్ఞాపకము కొరకు ఒక గ్రంథము వ్రాయబడుట, రెండూ అక్కడ ఒకే చోట కనబడతాయి. మా అరుగు మీది నోటుబుక్కును దానితో పోల్చే సాహసము మాకు లేదు. మాటలాడుకొనుట, వ్రాయుట కలిసి ఉండవలసినవని మాత్రము ఆ వచనము మాకు ప్రతి ఏటా జ్ఞాపకము చేస్తుంది.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆమె పేజీ అంచులు నలిగినా అక్షరములు చెదరలేదు. ఈ ఏడు కూడా ఆమె కోడలు వస్తానని కబురు పంపినది. మా పుస్తకములో మా పేజీ రెండో వరుసలో ఇప్పటికీ ఆ మిత్రుని భార్య పేరు ఉంటుంది. ప్రతి జనవరి రెండున ఆమెకు ఒక ఉత్తరము వెళ్తుంది. ఆయనకు వెళ్ళవలసిన ఉత్తరము ఇక వెళ్ళదు. అది తీరని బాకీ. మీకు అటువంటిది మిగులకూడదనే ఇదంతా వ్రాశాము.

ఈ నెలలో ఏదో ఒక సాయంత్రము, ఒకటో తారీఖు దాటిపోయినా పరవాలేదు, నలుగురు స్నేహితులను పిలిచి చాప పరచండి. మూడు వరుసలు వ్రాయండి. అడిగేవారి పేరు మరువకండి. మీ అరుగు మీద ఏమి జరిగినదో మాకు ఒక కార్డు ముక్క వ్రాస్తే సంతోషిస్తాము.

దేవుడు మీ ఇండ్లను, మీ స్నేహములను ఈ సంవత్సరమంతా కాపాడును గాక.